ఇంజనీరింగ్ సీటుకు నాలుగేళ్ల ఖర్చు: వెబ్ ఆప్షన్ల కంటే ముందే వేసుకోవలసిన లెక్క

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఇంట్లో చర్చంతా ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. నాలుగేళ్లకు మొత్తం ఎంతవుతుంది, అందులో ప్రభుత్వం భరించేది ఎంత, మిగిలినది ఎక్కడి నుంచి తేవాలి అన్నది సీటు కేటాయించాక గాని చాలామందికి గుర్తుకు రాదు. అప్పటికి ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (వచ్చిన సీటును ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోవడం) చేయడానికి కొద్ది రోజులే మిగులుతాయి కాబట్టి, బ్యాంకుకు వెళ్లే వ్యవధి లేక బయట ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ లెక్క వెబ్ ఆప్షన్లకు, అంటే కావలసిన కాలేజీలు, బ్రాంచిల జాబితాను వరుసగా ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి, ముందే పూర్తి కావాలి.

మొదట సీటు ఏ కోటాలో వస్తుందో చూడాలి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా కింద, మిగిలిన 30 శాతం యాజమాన్యం నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా కింద భర్తీ అవుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ (అర్హుల ఫీజును ప్రభుత్వం భరించడం) కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు గాని, మిగిలిపోయిన సీట్లకు చివర్లో కాలేజీలోనే జరిగే స్పాట్ అడ్మిషన్‌కు గాని వర్తించదు. తెలంగాణలో అమలవుతూ వచ్చిన నిబంధనల ప్రకారం అర్హులైన బీసీ విద్యార్థులకు పది వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు, ఆ పైన ర్యాంకు ఉంటే ఏడాదికి 35 వేల రూపాయల వరకు వస్తుంది; ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి రెండున్నర లక్షలు. కుల, ఆదాయ ధ్రువపత్రాలను కౌన్సెలింగ్ మొదలయ్యాక కాకుండా ఇంటర్ పరీక్షలు ముగిసిన వెంటనే సిద్ధం చేసుకోవాలి.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. పన్నెండు వేల ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థి ఉన్నాడనుకుందాం. నగరంలోని ఒక కాలేజీలో ఫీజు 95 వేలు; 35 వేలు పోగా 60 వేలు చేతి నుంచి కట్టాలి. హాస్టలుకు 80 వేలు, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు, పుస్తకాలకు 20 వేలు కలిపితే ఏడాదికి 1,60,000, నాలుగేళ్లకు 6,40,000 అవుతుంది. సొంత జిల్లాలో 50 వేల ఫీజున్న కాలేజీకి ఇంటి నుంచే వెళ్లి వస్తే ఫీజులో మిగిలేది 15 వేలు, బస్సుకు 25 వేలు, ఇతరాలకు అదే 20 వేలు. ఏడాదికి 60 వేలు, నాలుగేళ్లకు 2,40,000. తేడా నాలుగు లక్షలు. మొదటి కాలేజీ ఆ నాలుగు లక్షలకు తగినదా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కాలేజీ ప్రకటనల్లో దొరకదు. ఆ బ్రాంచికి ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా, ఆ బ్రాంచి నుంచి గత సంవత్సరం ఎందరికి ఎంత జీతంతో ఉద్యోగాలు వచ్చాయి అన్నవి అక్కడ చదువుతున్న సీనియర్లనే అడిగి తెలుసుకోవాలి.

ఇలా తేలిన తరువాతే ఆప్షన్లు పెట్టాలి. తరువాతి విడతలో పై ఆప్షన్ దక్కితే ముందు వచ్చిన సీటు దానంతట అదే రద్దవుతుంది. కనుక ఖర్చు భరించలేని కాలేజీని "వస్తే చూద్దాం" అనుకుని జాబితా పైభాగాన పెట్టడం ప్రమాదకరం.

రీయింబర్స్‌మెంట్ మంజూరైనా నిధుల విడుదల ఆలస్యమవుతూనే ఉంటుంది. బకాయి ఉన్న ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకువెళ్లమని కొన్ని కాలేజీలు ఒత్తిడి తెస్తాయి కాబట్టి, ఒక ఏడాది ట్యూషన్ ఫీజుకు సరిపడా మొత్తాన్ని విడిగా ఉంచుకోవడం మంచిది. ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని ఉన్నత విద్యా సంస్థలను పర్యవేక్షించే యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది; చేరేటప్పుడు పరిశీలన పూర్తి కాగానే వాటిని తిరిగి అడిగి తీసుకోవాలి. ఇది విద్యార్థి హక్కు, అడగడానికి సంకోచించవలసిన పని లేదు.

రీయింబర్స్‌మెంట్ పరిధిలోకి రాని మధ్యతరగతి కుటుంబాలు తమకు ఏ సహాయమూ లేదనుకుని ఊరుకుంటాయి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నడిపే ప్రగతి పథకం కింద ఎంపికైన అమ్మాయిలకు ఏడాదికి 50 వేల రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు మించకూడదు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు అవకాశం ఉంది. ఇంటర్ బోర్డులో ఎనభయ్యవ పర్సంటైల్ పైన (అంటే ఎనభై శాతం మంది కంటే ఎక్కువ మార్కులతో) ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి కేంద్ర స్కాలర్‌షిప్ మొదటి మూడేళ్లు 12 వేలు, నాలుగో ఏడాది 20 వేలు చొప్పున అందుతుంది. రెంటికీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి.

ఇంకా మిగిలిన లోటుకే బ్యాంకు రుణం. నాలుగు లక్షల వరకు విద్యారుణానికి తనఖా అవసరం లేదు, ఖర్చులో కొంత భాగాన్ని సొంత వాటాగా కట్టనక్కర్లేదు. తల్లి గాని తండ్రి గాని సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. కాలేజీ నుంచి నాలుగేళ్ల ఫీజు అంచనా తీసుకునేటప్పుడు హాస్టలు ఖర్చును కూడా అందులో చేర్పించాలి, ఎందుకంటే అంచనాలో లేనిదానికి బ్యాంకు ఇవ్వదు. కోర్సు ముగిసిన ఏడాది వరకు వాయిదాలు ఉండవు గాని వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షలు పది శాతం వడ్డీకి తీసుకుంటే ఐదేళ్లకు బారువడ్డీయే 1,40,000 చేరి అప్పు 5,40,000 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 కట్టాలి. అదే వడ్డీని చదువుకునే రోజుల్లోనే, మొదటి ఏడాది నెలకు 833 రూపాయలతో మొదలుపెట్టి నాలుగో ఏడాదికి 3,333 చొప్పున కడుతూ పోతే, తరువాతి వాయిదా సుమారు 5,290 మాత్రమే. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే ఈ వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. అయితే కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) లేదా బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. ఆ గుర్తింపు గురించి ముందే అడగమన్నది ఇందుకు కూడా. ఎంపిక చేసిన మేటి సంస్థల్లో చేరేవారికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద హామీదారు లేకుండానే రుణం దొరుకుతుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు మాత్రం ఇది వర్తించదు.

చేరిన తరువాత కూడా రీయింబర్స్‌మెంట్‌ను ప్రతి సంవత్సరం రెన్యువల్ చేయించుకోవాలి. హాజరు 75 శాతం కంటే తగ్గకూడదు, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉండాలి. దరఖాస్తు చేశాక దాని స్థితిని నెలకొకసారి చూసి, కాలేజీ స్థాయిలో ఆగి ఉంటే ఆఫీసుకు వెళ్లి అక్కడి నుంచి ముందుకు పంపించేవరకు వెంటపడాలి.