గేర్ల సైకిల్‌ని సింగిల్ స్పీడ్ చేసేముందు వెనక గాడి చూడండి

కడపలో పాత గేర్ల రోడ్ సైకిల్‌ని సింగిల్ స్పీడ్ (ఒకే గేరు) చేయించాలనుకునేవాళ్లకు ఒక మాట. డిరైలర్ (గేర్లు మార్చే భాగం) పీకేయకముందే వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి చూడండి. గాడి అడ్డంగానో ఏటవాలుగానో ఉంటే చక్రాన్ని వెనక్కి లాగి చైన్ బిగించుకోవచ్చు. నిలువుగా ఉంటే చక్రం జరగదు, చైన్ టెన్షనర్ (చైన్‌ని బిగువుగా ఉంచే భాగం) పెట్టాల్సిందే. దానికోసం డబ్బు పెట్టక్కర్లేదు. ఆ పాత డిరైలర్‌నే ఉంచి, చిన్న కేబుల్ ముక్కతో ఒకేచోట కదలకుండా నిలబెడితే టెన్షనర్ పని అదే చేస్తుంది.

అసలు కష్టమంతా చైన్ లైన్ దగ్గరే. వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి, ముందు చైన్ వీల్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం), వెనక స్ప్రాకెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రం) ఒకే గీతలో కనపడాలి. క్యాసెట్ (వెనక స్ప్రాకెట్ల గుత్తి) విప్పినప్పుడు వచ్చే స్పేసర్లు (స్ప్రాకెట్ల మధ్య ఉండే రింగులు) పారేయొద్దు. మిగిలిన ఒక్క స్ప్రాకెట్‌కి అటూ ఇటూ అవే వేసి సరిచేసుకోవాలి. లైన్ తప్పిందా, గరగరమని శబ్దం, తొక్కుతుండగానే చైన్ ఊడటం.

ముందు రెండు చైన్ వీల్స్‌లో ఒకటి తీసేస్తే బోల్టులు కూడా పొట్టివి కావాలి, పాతవి బిగుసుకోవు.

పళ్లు ముందు 42, వెనక 16 అని చాలామంది వేస్తారు. మన ఎండకీ ఎదురుగాలికీ వెనక 18 మేలని నా అభిప్రాయం. గువ్వలచెరువు ఘాట్ ఎక్కే అలవాటున్నవాళ్లు మాత్రం దయచేసి గేర్లు తీయొద్దు, మోకాళ్లు పోతాయి.

టెన్షనర్ లేకపోతే చైన్ మధ్యలో వేలితో నొక్కండి, ఒక సెంటీమీటరు ఆడాలి. పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ చూడండి, ఎక్కడ బాగా బిగుసుకుంటుందో అక్కడే కొలవాలి.