పాత కీబోర్డుకి మిడి ఇంటర్‌ఫేస్: నా అనుభవం

విజయనగరంలో ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర పాత కీబోర్డు కొన్నవాళ్లు ముందు దాని వెనక భాగం చూడండి. చదరంగా ఉండే యూఎస్‌బీ పోర్టు, పక్కన ‘టు హోస్ట్’ అని ఉంటే మిడి ఇంటర్‌ఫేస్ (ఏ నోటు నొక్కారో చెప్పే మిడి సూచనల్ని కీబోర్డు నుంచి ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీలో చేర్చే కేబుల్) దండగ, ప్రింటరు కేబుల్ చాలు. 5 పిన్నుల గుండ్రటి సాకెట్లే ఉంటేనే ఇంటర్‌ఫేస్ కావాలి.

నేను సరిచేసిన సెటప్‌లో కేబుల్ లైటు వెలుగుతోంది గానీ ల్యాప్‌టాప్‌లో ఒక్క నోటూ పడట్లేదు. ‘ఇన్’ ప్లగ్గుని కీబోర్డు ‘ఇన్’లోనే గుచ్చారు. అది ‘అవుట్’లోకి వెళ్లాలి. కొన్ని చవక కేబుళ్ల మీద పేర్లు తిరగేసి ఉంటాయి, కాబట్టి రెండూ మార్చి చూడండి, ఏమీ కాలిపోదు. తర్వాత ప్రతి నోటూ రెండుసార్లు మోగింది: కీబోర్డు తన శబ్దం తాను చేస్తూ, సాఫ్ట్‌వేర్ తిప్పి పంపిందీ వాయిస్తోంది. కీబోర్డు మెనూలో ‘లోకల్ కంట్రోల్’ ఆఫ్ చేస్తే పోయింది.

మరీ చవక కేబుల్‌తో నోట్లు బాగానే వెళ్తాయి. టోన్ల బ్యాకప్ లాంటి పెద్ద సిసెక్స్ డేటా (కీబోర్డు తన సొంత సెట్టింగులు పంపే మిడి సందేశాలు) మాత్రం మధ్యలో తెగుతుంది. మిడి వేగం సెకనుకి 31,250 బిట్లే. అయినా కేబుల్ లోపలి బఫర్, అంటే డేటాని కాసేపు దాచుకునే మెమరీ, చాలదు.

మిడిలో శబ్దం రాదు, సూచనలే వస్తాయి. పాట కూడా రికార్డు చేస్తారు కదా, అందుకే మిడి సాకెట్లున్న ఆడియో ఇంటర్‌ఫేసే (మైకు శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే పెట్టె) కొనమంటాను. వాటిలో చవక మోడళ్లు చాలావాటికి మిడి సాకెట్లు ఉండవు. ఆర్డరు పెట్టేముందు వెనక ప్యానెల్ ఫొటో చూడండి.