ఎముక సరిచేసే ముందు: మత్తు సూది ఎంత, ఎక్కడ, ఎంతసేపు

క్యాజువాలిటీలో మణికట్టు సరిచేస్తుంటే పేషెంట్ కేకలు పెడుతున్నాడంటే, చాలాసార్లు మందు చాలక కాదు, అది పట్టేదాకా మనం ఆగక.

ముందు అట్ట కట్టండి. కదలిక ఆగితే నొప్పి బాగా దిగుతుంది. పారాసిటమాల్ కేజీకి 15 మి.గ్రా., ఒక్కసారికి 1 గ్రాము దాటకూడదు. సూది వేయకముందే వేళ్ల స్పర్శ, కదలిక, నాడి చూసి కేస్‌షీట్‌లో రాయండి. లేకపోతే తర్వాత కనిపించే తిమ్మిరి దెబ్బదో మందుదో తేలదు.

విరిగిన మణికట్టుకి హెమటోమా బ్లాక్ (విరిగినచోట గూడుకట్టిన రక్తంలోకే మత్తు సూది) చాలు, చర్మం తెగి ఉంటే మాత్రం వద్దు. 2 శాతం సాదా (అడ్రినలిన్ కలపని) లిగ్నోకెయిన్, అంటే ఆ చోటుకే మత్తిచ్చే మందు, 5 మి.లీ.కి 5 మి.లీ. సెలైన్ కలిపితే 1 శాతం మందు 10 మి.లీ. అవుతుంది. బెటాడిన్ పూసి ఆరనివ్వండి. చేతి వెనకవైపు, విరిగినచోటుకి కాస్త పైనుంచి వేళ్లవైపు వాలుగా గుచ్చితే, సూది ఎముక మీద జారి పగుల్లో పడుతుంది. సిరంజిలోకి నల్లటి రక్తం వస్తే చోటు దొరికినట్టే. మెల్లగా ఎక్కించి, గడియారం చూసి 10-15 నిమిషాలు ఆగండి.

గూడ జారితే కీలులోకే 1 శాతం మందు 20 మి.లీ. భుజం కొన ఎముక అంచుకి 2 సెం.మీ. కింద, పక్కనుంచి గుచ్చి, ముందు లోపలి రక్తం లాగేయాలి. ఇక్కడ 15-20 నిమిషాలు ఆగాలి. లెక్క మాత్రం మరవొద్దు: సాదా లిగ్నోకెయిన్ హద్దు కేజీకి 4.5 మి.గ్రా. 40 కేజీల మనిషికి 180 మి.గ్రా. దాటకూడదు, కానీ పైన చెప్పిన 20 మి.లీ.లో 200 మి.గ్రా. ఉంటుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు అంటే మందు ఎక్కువైనట్టు, వెంటనే ఆపండి. తర్వాత వచ్చేది ఫిట్స్.

తుంటి జారితే ఈ సూదులు పనికిరావు, పూర్తి మత్తు కావాలి, అదీ 6 గంటల లోపు. కెటమిన్ అనే మత్తుమందు కేజీకి 1 మి.గ్రా., నరంలోకి నిమిషం పాటు మెల్లగా. గబుక్కున తోస్తే ఊపిరి ఆగొచ్చు. ఆక్సిజన్, సక్షన్ (నోట్లోది లాగేసే యంత్రం), అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) పక్కనే ఉండాలి, ఊపిరి చూడ్డానికే ఒక మనిషి వేరేగా ఉండాలి. ఫెంటానిల్ (నొప్పి మందు), మిడజోలమ్ (మగత మందు) ఇచ్చినప్పుడు అసలు గండం కీలు కూర్చున్నాక: నొప్పి పోగానే మగత ముదురుతుంది. అందరూ ఎక్స్‌రే వైపు తిరిగేది సరిగ్గా అప్పుడే.

పిండికట్టు వేశాక నొప్పి పెరుగుతూ, వేళ్లు చాపితే భరించలేకపోతుంటే, లోపల ఒత్తిడి పెరుగుతుండొచ్చు, ఇంకో ఇంజెక్షన్ ఇవ్వకండి. కట్టుని దూదితో సహా చర్మం కనిపించేదాకా చీల్చి, ఆర్థో డాక్టర్‌ని పిలవండి.