పాత జంట గొట్టాల తుపాకీతో టర్కీ పుంజు వేట: ముప్పై గజాల లోపే

నా తుపాకీ ఫిలడెల్ఫియాలో తయారైంది. ఏ.హెచ్. ఫాక్స్ కంపెనీ వాళ్ల స్టెర్లింగ్‌వర్త్ మోడల్, 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత). పక్కపక్కనే రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. 1929లో ఆ కంపెనీ సావేజ్ అనే మరో తుపాకుల కంపెనీ చేతికి వెళ్లింది, ఆ తర్వాత తయారీ న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికాకు మారింది. నాది అంతకు ముందుది. తొమ్మిదేళ్లుగా దాంతోనే పెన్సిల్వేనియా అడవుల్లో వసంతకాలం అడవి టర్కీ కోళ్ల వేటకు వెళ్తున్నాను. ఇక్కడున్న మనవాళ్లు కొందరు "పాత డబుల్ బ్యారెల్ దొరికింది, దీంతో వెళ్లొచ్చా?" అని అడుగుతుంటారు. వెళ్లొచ్చు. కానీ పుంజు ముప్పై గజాల లోపలికి వచ్చేదాకా ట్రిగ్గర్ ముట్టుకోనని ముందే ఒట్టు పెట్టుకోవాలి. మిగతా పనంతా ఆ ముప్పై గజాల కోసమే.

ముందు చట్టం సంగతి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఒకటి ఉంది, అయినా లాయరుతో మాట్లాడకుండా దాన్ని నమ్ముకోవద్దు. మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. వసంతంలో గడ్డం ఉన్న పక్షినే కొట్టాలి. గడ్డం అంటే ఛాతీ మీంచి వేలాడే నల్లటి వెంట్రుకల కుచ్చు. పెట్టలు అప్పుడు గుడ్లు పెట్టి పొదుగుతుంటాయి, వాటి జోలికి వెళ్లకూడదు. నక్కి నక్కి పక్షి దగ్గరికి పోవడం కూడా ఇక్కడ నిషేధం. మీరు పెట్టలా కూత పెట్టాలి, పుంజు రావాలి. వేళలు, తేదీల నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది వేట నియమాల పుస్తకం చదవండి.

ఇక తుపాకీ. నేను మొదట కొన్నది ఈ ఫాక్స్ కాదు. అమ్మినాయన "బంగారంలా ఉంది" అన్నాడు, గొట్టం లోపల అద్దంలా మెరిసింది, డబ్బిచ్చి తెచ్చుకున్నాను. గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసే ఆయన, కొలిచి చూస్తే, లోపలి తుప్పు గుంటలు పోవడానికి ఎవరో గొట్టాన్ని అరగదీసి బాగా పల్చన చేశారని తేలింది. పేలిస్తే ఎడమ చేతి వేళ్లు పోయేవి. ఆ మెరుపు చూసే నేను మోసపోయాను. అందుకే చెబుతున్నాను, గొట్టం మందం కొలిపించకుండా ఏ పాత తుపాకీకీ పైసా ఇవ్వకండి.

కొనేచోటే మీరు చేసుకోగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. గొట్టాల్ని విడదీసి, కింది కొక్కెం దగ్గర తాడు కట్టి వేలాడదీసి, చిన్న చెక్కతో మెల్లగా తట్టండి. గుడి గంటలా ఖంగుమని సాగితే మంచిదే. పగిలిన కుండను తట్టినట్టు మోగితే రెండు గొట్టాల్నీ పట్టి ఉంచే టంకం ఎక్కడో ఊడింది. తర్వాత తుపాకీ బిగించి, ముందు చెక్క మాత్రం తీసేసి, మూసి ఊపండి. కటకటలాడకూడదు. గొట్టం మీద నేతలాంటి చారలు కనిపిస్తే అది డమాస్కస్, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన పాతకాలపు గొట్టం. అలాంటిదాంట్లో ఇప్పటి తూటాలు పేల్చనే వద్దు.

ఛాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, దాని పొడవు కూడా కొలిపించండి. ఇప్పటి మామూలు తూటా రెండు ముప్పావు అంగుళాలు, పాత తుపాకుల్లో చాలావాటి ఛాంబర్లు అంతకన్నా పొట్టి. తూటా లోపల పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది, అందుకే తెలియదు. పేలినప్పుడు తూటా మూతి విప్పుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. నేను తక్కువ ఒత్తిడి తూటాలే వాడతాను, ఒక్కోదాంట్లో ఒక ఔన్సూ ఎనిమిదో వంతు నంబర్ 6 సైజు సీసపు గుళ్లు. ఆ సైజులో ఔన్సుకు సుమారు 225 పెల్లెట్లు (గుళ్లు) ఉంటాయి. స్టీల్, టంగ్‌స్టన్ గుళ్లు పాత మెత్తటి గొట్టాల్ని గీకేస్తాయి. టర్కీ మాగ్నమ్ అనే బలమైన తూటాల పెట్టెల వైపు చూడనే వద్దు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పేపరు మీద కాల్చి చూడటానికి కేటాయించండి. నిలబడి కాదు, నేల మీద కూర్చుని, మోకాలి మీద తుపాకీ ఆనించి, వేటలో ఎలా కూర్చుంటారో అలాగే. పాత తుపాకుల బట్టు, అంటే భుజానికి ఆనే చెక్క, బాగా కిందికి వంగి ఉంటుంది, తల ఎత్తాలనిపిస్తుంది, ఎత్తారా, దెబ్బ పై నుంచి పోతుంది. దవడ చెక్కకు ఆనే ఉండాలి. పది అంగుళాల వృత్తంలో వంద పెల్లెట్లు పడే దూరమే మీ దూరం. నా ఎడమ గొట్టం ముప్పై గజాల్లో 112 వేసింది. నలభైకి వెళ్లేసరికి 60 దాటలేదు. రెండు గొట్టాలూ ఒకేచోట కొడుతున్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

నా తుపాకీలో ముందు ట్రిగ్గర్‌ది కుడి గొట్టం, వెడల్పుగా చల్లుతుంది. వెనక ట్రిగ్గర్‌ది ఎడమ గొట్టం, ఫుల్ చోక్, అంటే మూతి దగ్గర బాగా ఇరుకు, గుళ్లను దగ్గరగా పట్టి ఉంచుతుంది. కాబట్టి టర్కీకి వెనక ట్రిగ్గరే మొదటిది. పుంజు పదిహేను గజాల్లో పొదలోంచి ఊడిపడితే ముందుది. ఆ ఎంపిక చేతిలో ఉండటమే డబుల్ బ్యారెల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టం. గ్లవ్స్ వేళ్ల చివరలు కత్తిరించుకుంటే రెండు ట్రిగ్గర్లూ వేలికి తెలుస్తాయి.

ముందురోజు సాయంత్రం వెళ్లి వినండి. టర్కీలు రాత్రి చెట్లెక్కి పడుకుంటాయి, రెక్కల చప్పుడు దూరానికి వినిపిస్తుంది. నేను తెల్లవారుజామున నాలుగు ముప్పావుకల్లా చోటు చేరతాను. బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు ముందే పట్టించండి, లైమ్ జబ్బు తెచ్చే పిడుదులు ఇక్కడ ఎక్కువ. ఎరుపు, తెలుపు, నీలం రంగులేవీ, లోపలి బనీనుతో సహా, వద్దు. పుంజు తల రంగులు అవే, వేరే వేటగాడు పొరబడతాడు. భుజాల కన్నా వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి. మరో మనిషి వస్తుంటే చెయ్యి ఊపకుండా గట్టిగా మాట్లాడండి.

చోటు ఎంపికే సగం వేట. మామూలుగా పుంజు కూస్తే పెట్టే దాని దగ్గరికి వెళ్తుంది. మనం దాన్ని తిరగేస్తున్నాం. కూత వినబడిన చోట పెట్ట కనబడకపోతే పుంజు అరవై గజాల్లో ఆగి, తోక విసనకర్రలా విప్పి, అక్కడే తిరుగుతుంది. అందుకని మైదానం ఎదుట కూర్చోను. కలప లాగిన పాతదారి మలుపో, చిన్న మిట్టో చూస్తాను. దాని తల నాకు కనిపించేసరికే అది ముప్పై గజాల లోపల ఉండాలి.

పలక మీద పుల్లతో గీసే కూత నేర్చుకోవడం తేలిక. పుంజు ఇంకా చెట్టు మీద ఉండగా రెండు మూడు మెత్తటి కూతలు చాలు. అది దిగాక అయిదారు యెల్ప్‌లు, అంటే పెట్ట పిలిచే కూతలు. బదులిచ్చి దగ్గరవుతుంటే నోరు మూసుకోండి. ఎక్కువ కూస్తే అది ఆగి ఎదురుచూస్తుంది. తల చెట్టు చాటుకు వెళ్లినప్పుడే తుపాకీ ఎత్తాలి, సేఫ్టీ మీటను బొటనవేలితో చప్పుడు కాకుండా తోయాలి. తోక విప్పి ఉన్నప్పుడు కాల్చను, మెడ ముడుచుకుని ఉంటుంది. ఒక్కసారి "క్లక్" అని పొట్టి కూత పెడితే మెడ సాచి చూస్తుంది. మెడ మీద ఎర్ర తోలు, ఈకలు కలిసేచోట గురి. వెనక ఏముందో చూసుకున్నాకే.

పడగానే తుపాకీ తెరిచి తూటాలు తీసేయండి, పక్షిని కదిలించే ముందు దానికి లైసెన్సుతో వచ్చే ట్యాగ్ కట్టండి. తొడలు గట్టివి, కుక్కర్లో చాలాసేపు ఉడకాలి. మాంసం కోసేటప్పుడు సీసపు గుళ్లు వేలితో తడిమి ఏరండి.

తుపాకీని ఆ రాత్రే తుడవండి, మంచు తడి పొద్దున్నకి తుప్పవుతుంది. పల్చగా నూనె రాసి, గొట్టాల మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. అలా తలకిందులుగా పెడితే నూనె బట్టు చెక్కలోకి దిగదు, దాన్ని మెత్తబరచదు. వందేళ్ల చెక్క నూనెలో నానితే మళ్లీ గట్టిపడదు.