గ్రూపులో వందల మెసేజ్‌లు వచ్చిపడుతుంటే ఎలా తట్టుకోవాలి?

జూన్ వచ్చిందంటే మా చిత్తూరు వైపు మామిడి తోట ఉన్న ప్రతి ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. తోతాపురి ధర ఎంత, ఏ గుజ్జు ఫ్యాక్టరీ ముందు ఎన్ని ట్రాక్టర్లు నిలబడ్డాయి, కోతకు కూలీలు దొరుకుతారా, అన్నీ వాట్సాప్ గ్రూపులోనే. నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ తోట సంగతులు ఫోన్లోనే చూసుకుంటాను.

ఒక సీజన్లో పొద్దున ఆరింటికి గ్రూపులో ఒకన్న, కాయ దించడానికి ఫ్యాక్టరీ ఇచ్చే వరస చీటీల గురించి, "ఈరోజు టోకెన్లు పదింటి వరకే ఇస్తారంట" అని పెట్టాడు. దానికి పైనా కిందా శుభోదయాలు, ఏడుకొండలవాడి ఫోటోలు. నా కంట పడేసరికి పన్నెండయింది. మా చిన్నాయన ట్రాక్టర్ ఇంకో రాత్రి రోడ్డు మీదే ఉండిపోయింది. తెల్లారేసరికి అడుగు కాయలు నలిగి, ట్రాలీ పలకల సందుల్లోంచి రసం కారుతోంది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

గ్రూపులోంచి బయటికొచ్చేద్దామా అనిపించింది. వచ్చేస్తే ఆ టోకెన్ మాట కూడా అందదు కదా. అందుకే చూసే పద్ధతి మార్చుకున్నాను.

1. ఈ గ్రూపు మీకెందుకో తేల్చుకోండి

నాకు కావలసినవి మూడే: ధర, టోకెన్, కూలీలు. మిగతావి చదవకపోయినా ఎవరికీ నష్టం లేదు. చదవని మెసేజ్‌ల అంకె చూస్తే తీర్చాల్సిన బాకీలా అనిపిస్తుంది, టెన్షన్ పుడుతుంది. అది బాకీ కాదు. అన్నీ చదవాలన్న పట్టుదల వదిలితేనే మిగతా పనులు సాగుతాయి.

2. మ్యూట్ చేయండి

గ్రూపు పేరు మీద నొక్కితే మ్యూట్ కనిపిస్తుంది. 8 గంటలు, ఒక వారం, ఎప్పటికీ అని మూడు రకాలుంటాయి. సీజన్లో "ఎప్పటికీ" పెట్టుకోండి. మ్యూట్ చేసినట్టు అవతలివాళ్లకు తెలియదు, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. మీకు అంతగా పనిలేని గ్రూపులను ఆర్కైవ్‌లో (చాట్ల వరసలోంచి పక్కకు తీసి దాచే చోట) పడేయండి. 2021 నుంచి కొత్త మెసేజ్ వచ్చినా అవి అక్కడే ఉంటున్నాయి.

3. మిమ్మల్ని ఎలా పిలవాలో చెప్పి ఉంచండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మ్యూట్‌లో ఉన్న గ్రూపులో కూడా @ గుర్తు పెట్టి మీ పేరు ఎంచుకుంటే మీ ఫోనుకు తెలుస్తుంది. చిన్నాయనకు ఇది నేర్పడానికి ఒక ఆదివారం పట్టింది. గుర్తు కొట్టి, పేరు టైపు చేసి వదిలేసేవాడు. కింద వచ్చే పేర్ల వరసలోంచి నొక్కితేనే పని అవుతుందని పక్కన కూర్చుని నాలుగుసార్లు చేయించాను. ఇంట్లో పెద్దవాళ్లకు మీరూ అలాగే చేయించండి. గంటసేపు కూడా ఆగలేని పనికి మాత్రం గ్రూపు వద్దు, ఫోన్ చేయమనండి.

4. వెతికి చదవండి

రోజుకు రెండుసార్లు టైం పెట్టుకోండి. నేను పొద్దున ఆరున్నరకు, రాత్రి అన్నం తిన్నాక చూస్తాను. పైనుంచి చదువుకుంటూ రాకుండా, గ్రూపులోని సెర్చ్‌లో "టోకెన్" అని కొట్టండి. మనవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాస్తారు కాబట్టి అలా కూడా ఒకసారి కొట్టి చూడాలి. వాయిస్ మెసేజ్‌లు సెర్చ్‌లో దొరకవు. "అన్నా, కింద ఒక్క ముక్క టైపు చేయన్నా" అని అడిగితే చాలామంది చేస్తారు.

5. రెండు బాణాల మెసేజ్‌లను పక్కన పెట్టండి

చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇస్తుందని ప్రకటించారు. అలాంటి ధర మెసేజ్ మరుసటి ఏడాది మళ్లీ తిరిగితే కొత్తదో పాతదో ఎలా తెలుస్తుంది? తేదీ లేని ధరను నమ్మి కాయ కోయించొద్దు.

6. మన వంతు భారం తగ్గిద్దాం

"ఓకే", "థాంక్స్ అన్నా" అని రాయకుండా మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి రియాక్షన్ ఇవ్వండి. చెప్పాల్సింది ఐదు ముక్కలు చేయకుండా ఒకేసారి రాయండి. అడ్మిన్ అయితే ఆరోజు ధరను గ్రూపు పైన పిన్ చేయొచ్చు, 24 గంటలు అని ఎంచుకుంటే ఆ తర్వాత దానంతటదే పోతుంది. అడ్మిన్లు మాత్రమే రాసేలా ధరలకు వేరే గ్రూపు పెడితే ఇంకా మేలు. శుభోదయాలు పెట్టేవాళ్లను మాత్రం అందరి ముందూ మందలించకండి. వాళ్లలో ఒక పెద్దాయన తన చేత్తో తెరిచిన మొదటి యాప్ వాట్సాపే కావచ్చు.

నిజంగా పనిలేని గ్రూపైతే బయటికి రావచ్చు. 2022 నుంచి ఆ కబురు అడ్మిన్లకే వెళ్తుంది.

సీజన్ అయ్యాక ఆ ఫోటోలు, వీడియోలు తుడిచేసి మ్యూట్ తీసేయండి. అప్పుడు రోజుకు పది మెసేజ్‌లు కూడా రావు. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఏ తోటలో పూత ముందొచ్చింది, అన్నీ తీరిగ్గా చదువుకోవచ్చు.