అడవిలో పుట్టగొడుగుల ఫొటోలు సరిగా రావట్లేదా? కారణాలు, పరిష్కారాలు

ఫొటో మొత్తం కదిలిపోయినట్టు వస్తోంది

ఆకురాలే కాలంలో చెట్ల కింద వెలుతురు మనం అనుకున్నంత ఉండదు. కన్ను చీకటికి అలవాటు పడిపోతుంది, కెమెరా మాత్రం షటర్ వేగాన్ని (వెలుతురు లోపలికి వదిలే తెర తెరుచుకుని మూసుకునే వేగం) 1/8 సెకనుకో ఇంకా కిందికో దించేస్తుంది, అంత నెమ్మదిగా చేత్తో పట్టుకుని దగ్గర నుంచి తీస్తే కదలక తప్పదు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) పెంచేయడం తేలికే గానీ గొడుగు మీది సన్నని పొలుసులు, గీతలు నాయిస్‌లో, అంటే ఫొటో నిండా వచ్చే చుక్కల్లో, కలిసిపోతాయి, అవి పోయాక ఆ ఫొటోలో ఇంకేముంటుంది? అందుకే ముందు ట్రైపాడ్. అది నేల దాకా దిగకపోతే గింజలు నింపిన చిన్న సంచి మీద కెమెరా ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. బటన్ నొక్కిన కుదుపు ఆగాక ఫొటో పడుతుంది. పుట్టగొడుగు అంత తేలిగ్గా ఊగదు కాబట్టి అర సెకను షటర్ కూడా పనిచేస్తుంది.

గొడుగు అంచు స్పష్టంగా, మిగతాదంతా మసకగా

అంత దగ్గరికి వెళ్తే ఫోకస్‌లో ఉండేది కొన్ని మిల్లీమీటర్లే. ఎపర్చర్‌ని (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచండి, ఎఫ్/22 దాకా పోతే రంధ్రం మరీ చిన్నదై డిఫ్రాక్షన్ (వెలుతురు అంచుల దగ్గర వంగి చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతుంది. ఫోన్ అయితే కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడండి.

తెల్ల గొడుగు వెలిగిపోయి వివరాలు పోయాయి

వెనక నల్లటి నేల చూసి కెమెరా మొత్తాన్ని ప్రకాశవంతం చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) -1కి తగ్గించండి, చాలు.

అంతా పచ్చగా కనిపిస్తోంది

ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చిన వెలుతురు అది. తెల్ల కాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగ్) సెట్ చేయండి, లేదా రా (RAW) ఫైల్‌గా తీసి తర్వాత సరిచేయండి. అదే కాగితాన్ని ఫ్రేములోకి రాకుండా ముందు నేల మీద పరిస్తే, చీకట్లో ఉండిపోయే మొప్పల (గొడుగు కింది సన్నని మడతల) మీదికి మెత్తటి వెలుగు కొడుతుంది. ఫ్లాష్ కన్నా ఇదే నయం.

పేరు ఏమిటో ఎవరూ చెప్పలేకపోతున్నారు

పైనుంచి ఒక్క ఫొటో తీస్తే చెప్పడం కష్టమే. మొప్పలు, కాడ, కాడ మొదలు విడివిడిగా తీయండి. ప్రాణాంతకమైన డెత్ క్యాప్ అనే పుట్టగొడుగుకి కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది, అది ఆకుల కింద దాగిపోతుంది కాబట్టి వాటిని మెల్లగా పక్కకి జరిపి తీయాలి. ఇన్ని కోణాలు ఉన్నా సరే, ఫొటో చూసి చెప్పిన పేరును నమ్మి మాత్రం ఏదీ తినకండి.