పచ్చ చుక్క వెలుగుతోంది, పని కదలడం లేదు: సమస్య - పరిష్కారం

ఇది మేనేజర్ల కోసం రాసింది కాదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, రోజులో కొంత భాగం పని చేయడానికి, మరికొంత భాగం పని చేస్తున్నట్టు కనిపించడానికి ఖర్చు పెడుతున్నవారి కోసం. రెండోదే ఎక్కువ అలసట.

లక్షణం: ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో మీ పేరు పక్కన ఉండే పచ్చ చుక్క పసుపు రంగులోకి మారుతుందని భయపడి, ఊరికే మౌస్ కదుపుతున్నారు.

కారణం: కంప్యూటర్‌ను 5 నిమిషాలు ముట్టుకోకపోతే టీమ్స్ మిమ్మల్ని ‘లేరు’ అని చూపిస్తుంది. కాగితం మీద బొమ్మ గీసుకుంటూ ఆలోచిస్తున్నా అంతే. మీ పనిని ఆ చుక్కతో కొలుస్తున్నారని మీరు నమ్మారు, అక్కడినుంచి నటన మొదలైంది.

పరిష్కారం: మౌస్‌ను తనంతట తానే కదిలించే పరికరం కొని ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు ఏది తగిలించినా కంపెనీకి తెలిసే అవకాశం ఉంది. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు భ్రమ కల్పించారంటూ డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. దానికి బదులు ‘11 నుంచి 1 వరకు చాట్ చూడను, అత్యవసరమైతే ఫోన్ చేయండి’ అని స్టేటస్‌లో రాసిపెట్టండి. పసుపు చుక్కకు కారణం ముందే తెలిస్తే దాని గురించి అడిగేవాళ్లు తక్కువ.

లక్షణం: రెండు గంటల్లో అయిపోయే పని సాయంత్రం దాకా సాగుతోంది.

కారణం: ఉన్న సమయమంతా నిండేదాకా పని సాగుతుందని బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1955లోనే రాశాడు. 1914 నుంచి 1928 మధ్య బ్రిటన్ నౌకాదళంలో పెద్ద యుద్ధనౌకలు 62 నుంచి 20కి తగ్గితే, ఆ శాఖ కార్యాలయ అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారని లెక్క చూపించాడు. అయితే మన ఆఫీసుల్లో ఇంకో కారణం కూడా ఉంది, దాని గురించి పైకి ఎవరూ మాట్లాడరు. తొందరగా ముగించినవాడికి దక్కే బహుమానం పక్కవాడి పని. ఒకటి రెండుసార్లు ఈ బహుమానం అందుకున్నవాడు మూడోసారి నెమ్మదిస్తాడు. దాన్ని బద్ధకం అనడం నాకు న్యాయంగా అనిపించదు, లెక్క తెలిసినతనం అంటాను. కానీ ఆ లెక్కను దాచిపెట్టినంతకాలం సాయంత్రం వరకు తెర ముందు కూర్చోవలసిందే.

పరిష్కారం: ఒక వారం పాటు ఏ పనికి నిజంగా ఎంతసేపు పట్టిందో మీ కోసం మాత్రమే రాసుకోండి. తర్వాత గడువు చెప్పేటప్పుడు ‘పని ఒకటిన్నర రోజు, అనుకోనివాటికి అరరోజు’ అని విడగొట్టి చెప్పండి. వెసులుబాటు ఉంచుకోవడంలో తప్పు లేదు, దాన్ని దాచడంలోనే ఉంది. ముందే అయిపోతే అయిపోయిందనే చెప్పండి. మిగిలిన సమయంలో ఏం చేస్తారో కూడా మీరే చెప్పండి: వాయిదా పడ్డ టెస్టులు, ఎవరూ రాయని డాక్యుమెంటు. అవతలివాళ్లు మీకు పని వెతికేలోగా మీరే ఎంచుకోవడం మేలు. అయినా అదనపు పని మీదే పడుతుంటే దాని జాబితా ఉంచుకుని అప్రైజల్‌లో (మీ పనితీరు సమీక్షలో) చూపించండి. ఇక టీ తాగడానికి వెళ్లిన ఇరవై నిమిషాలకు సంజాయిషీ అక్కర్లేదు. నిజాయితీ అంటే నిమిషాల పద్దు కాదు.

లక్షణం: మూడు రోజులుగా స్టాండప్‌లో, అంటే టీమంతా రోజూ కలిసే చిన్న మీటింగులో, ‘ఆ టికెట్ (అప్పగించిన పని) మీదే ఉన్నాను’ అంటున్నారు.

కారణం: చాలాసార్లు ఎక్కడో చిక్కుకుపోయి, అడిగితే చులకనవుతామని ఆగిపోవడం.

పరిష్కారం: ‘ఫైలు చదివే చోట లోపం వస్తోంది. రెండు పద్ధతులు ప్రయత్నించాను, కుదరలేదు. మధ్యాహ్నం ఎవరైనా అరగంట నాతో కూర్చోగలరా?’ ఇంతే.

లక్షణం: చేసింది అయిదు గంటలు, టైమ్‌షీట్‌లో (పని గంటల పట్టికలో) ఎనిమిది.

కారణం: ఖాళీగా కనిపిస్తే బెంచ్ మీదికి, అంటే ప్రాజెక్టు లేకుండా ఎదురుచూసేవాళ్లలోకి, పంపుతారని భయం. లేదా ‘ఎనిమిది నింపేయండి’ అని పైవాళ్ల మాట.

పరిష్కారం: పైవాటిని నేను తేలిగ్గా తీసుకుంటాను, దీన్ని తీసుకోను. క్లయింటు గంటల లెక్కన డబ్బు కడుతుంటే అది నటన కాదు, దొంగ బిల్లు. శిక్షణకు, మీటింగులకు, ఖాళీ సమయానికి టైమ్‌షీట్‌లో రాయడానికి వేరే కోడ్‌లు ఉన్నాయేమో కనుక్కోండి. నింపేయమని నోటిమాటగా చెబితే ‘మిగిలిన మూడు గంటలు ఏ కోడ్ కింద రాయాలి?’ అని మెయిల్‌లో అడగండి. రాతపూర్వకంగా అడిగేసరికి చాలామంది సరైన కోడే చెబుతారు.

లక్షణం: ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కావడం లేదు. ఇంట్లోనూ అంతే, నిద్ర కూడా సరిగా లేదు.

కారణం: ఇది పని ఎగ్గొట్టడం కాకపోవచ్చు. ఆఫీసులో మొదలై ఇంటిదాకా పాకి, వారాల తరబడి ఉంటే అది కుంగుబాటు కావచ్చు.

పరిష్కారం: డాక్టరును కలవండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మేనేజర్‌కు ఆరోగ్యం బాగాలేదని చెప్పి సెలవు అడిగితే చాలు, జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.